అమెరికాలో మంచి ఆసుపత్రి ఏదని అడిగేవారికి

కొత్తగా అమెరికాకు వచ్చిన మనవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న, "ఇక్కడ దగ్గర్లో మంచి ఆసుపత్రి ఏదండీ?" అన్నది. ఈ దేశంలో 20 ఏళ్లకు పైగా ఉంటున్నా దానికి ఒక్క పేరుతో జవాబు చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. పక్కింటివారికి నామమాత్రపు ఖర్చుతో వైద్యం జరిగిన ఆసుపత్రే మీ చేత అప్పు చేయించవచ్చు. గుండె జబ్బులకు పేరుమోసిన చోట నెలలు నిండని శిశువును కాపాడే ఏర్పాట్లు లేకపోవచ్చు. అందుకే నేను ఎదురు మూడు సంగతులు అడుగుతాను: ఏ జబ్బుకు, ఏ బీమాతో, ఎంత వ్యవధిలో.

వ్యవధి లేనప్పుడు ఎంపిక అన్న మాటే లేదు. ఛాతీలో నొప్పి, మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఊపిరి అందకపోవడం వంటివి కనబడితే బీమా కార్డు కోసం వెతక్కుండా 911కు ఫోన్ చేయాలి. అంబులెన్సు బిల్లుకు భయపడి సొంత కారులో తీసుకువెళ్దామని చాలామంది అనుకుంటారు. ఆ భయం ఉత్తుత్తిది కాదు గానీ, పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వవలసి ఉంటుంది, ఆ వైద్యం ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో అంబులెన్సు సిబ్బందికి తెలుస్తుంది, మనకు తెలియదు. 1986లో వచ్చిన ఎమ్‌టాలా చట్టం ప్రకారం, మెడికేర్‌లో (ముఖ్యంగా 65 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వం ఇచ్చే బీమాలో) చేరిన ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు వచ్చినవారికి బీమా ఉందా, డబ్బుందా అని చూడకుండా పరీక్ష చేసి, పరిస్థితిని నిలకడకు తీసుకురావాలి. అయితే ఆ చట్టం వైద్యం ఆపవద్దని చెబుతుందే తప్ప బిల్లు వేయవద్దని చెప్పదు.

జ్వరం, చెవిపోటు, బెణుకు, కుట్లు పడేంత చిన్న గాయం వంటివాటికి ఎమర్జెన్సీ అక్కర్లేదు, అర్జెంట్ కేర్ (అపాయింట్‌మెంటు లేకుండా చిన్న జబ్బులు చూసే క్లినిక్) చాలు. ఇక్కడొక చిక్కు ఉంది. టెక్సస్ వంటి కొన్ని రాష్ట్రాల్లో, పెద్ద ఆసుపత్రికి ఆనుకుని కాకుండా దుకాణాల సముదాయాల్లో విడిగా నడిచే ఎమర్జెన్సీ కేంద్రాలు ఉంటాయి. చూడటానికి అవి అచ్చం అర్జెంట్ కేర్‌లాగే ఉంటాయి, బిల్లు మాత్రం ఎమర్జెన్సీ లెక్కన వేస్తాయి. లోపలికి అడుగుపెట్టే ముందు బోర్డు మీద ఏముందో చదవండి.

ఇక వ్యవధి ఉన్న వైద్యం సంగతి. దీనికి ఆసుపత్రిని వెతకడం మీ బీమా కార్డు దగ్గర మొదలవ్వాలి. హెచ్‌ఎంఓ ప్లాన్ అయితే సాధారణంగా ప్రైమరీ కేర్ డాక్టరు, అంటే ఏ జబ్బుకైనా ముందుగా చూసే మామూలు డాక్టరు, రెఫరల్ చీటీ ఇస్తేనే స్పెషలిస్టును చూడగలరు, నెట్‌వర్క్ (ఆ ప్లాన్‌తో ఒప్పందం ఉన్న ఆసుపత్రులు, డాక్టర్లు) బయటి వైద్యానికి ఎమర్జెన్సీలో తప్ప పైసా రాదు. పీపీఓ అయితే నెట్‌వర్క్ బయటికి వెళ్లే వీలుంటుంది గానీ దానికి వేరే డిడక్టిబుల్ (బీమా ఇవ్వడం మొదలుపెట్టే ముందు మనం కట్టవలసిన మొత్తం), ఎక్కువ వాటా ఉంటాయి. మనకు నేరుగా స్పెషలిస్టు దగ్గరికే వెళ్లే అలవాటు ఉంది కనుక, ఒంట్లో బాగున్నప్పుడే ఒక ప్రైమరీ కేర్ డాక్టరును కుదుర్చుకోవాలన్న మాట కొత్తవారికి పట్టదు. కొత్త పేషెంటుకు అపాయింట్‌మెంటు దొరకడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుందని తెలిసేసరికి జబ్బు ముదురుతుంది.

నేను మోసపోయింది ఒక్క క్రియాపదం దగ్గర. వచ్చిన రెండో ఏడాది మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్లున్నాయని, ఆపరేషన్ చేయాలని అన్నారు. నేను ఒక ఆసుపత్రికి ఫోన్ చేసి మా బీమా కంపెనీ పేరు చెప్పి, ఆ బీమా తీసుకుంటారా అని అడిగాను. "తీసుకుంటాం" అని అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. ఆపరేషన్ చక్కగా జరిగింది. మూడు వారాలకు బీమా కంపెనీ నుంచి ఒక కవరు వచ్చింది. అందులోని కాగితం మీద పైనే పెద్ద అక్షరాలతో "ఇది బిల్లు కాదు" అని ఇంగ్లీషులో అచ్చువేసి ఉంది కనుక నేను దాన్ని సొరుగులో పడేశాను. నిజానికి ఆ కాగితంలోనే అంతా ఉంది: ఆసుపత్రి అడిగిన మొత్తం, బీమా ఒప్పుకున్న మొత్తం, బీమా కట్టింది, చివరి గడిలో మేము కట్టవలసింది. ఆ చివరి అంకె పక్కనే నెట్‌వర్క్ బయట అన్న ముక్క కూడా ఉంది. అసలు బిల్లు చేతికొచ్చాక దాన్ని వెతికి తీసి చదివితే, "తీసుకుంటాం" అంటే మీ కంపెనీకి బిల్లు పంపుతాం అని మాత్రమే అర్థమని తెలిసింది. అప్పటినుంచి నేను కార్డు చేతిలో పట్టుకుని, ప్లాన్ పూర్తి పేరు చదివి, ఆ ప్లాన్‌కు మీరు నెట్‌వర్క్‌లో ఉన్నారా అనే అడుగుతాను. ఒకే కంపెనీకి పది రకాల ప్లాన్లు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో నెట్‌వర్క్. తరువాత అదే ప్రశ్న బీమా కంపెనీని కూడా అడిగి, తేదీని, మాట్లాడినవారి పేరును, కాల్ రెఫరెన్స్ నంబరును రాసి పెట్టుకుంటాను.

2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం కొంత మేలు చేసింది. నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుంటే, మత్తు ఇచ్చిన డాక్టరో స్కాన్ చూసిన డాక్టరో నెట్‌వర్క్ బయటివారని చెప్పి వేరే బిల్లు పంపడానికి ఇప్పుడు వీల్లేదు. ఎమర్జెన్సీ వైద్యానికి ఏ ఆసుపత్రి అయినా నెట్‌వర్క్ లెక్కనే మీ వాటా తీసుకోవాలి. కానీ ముందుగా అనుకుని చేయించుకునే వైద్యానికి ఆసుపత్రే నెట్‌వర్క్‌లో లేకపోతే ఈ చట్టం ఆదుకోదు, అంటే మా కథ ఈనాడు జరిగినా ముగింపు మారేది కాదు. రోడ్డు మీద నడిచే అంబులెన్సులకూ ఇది వర్తించదు. మీరు ఈ రక్షణను వదులుకుంటున్నట్టు కొందరు సర్జన్లు ముందుగానే ఒక పత్రం మీద మీ సంతకం అడగవచ్చు. నలభై కాగితాల మధ్య అదీ ఒకటిగా వస్తుంది కనుక చూసి సంతకం పెట్టండి.

ఆసుపత్రిని, డాక్టరును విడివిడిగా ఎంచుకోగలమనుకోవడం మరో పొరపాటు. ఇక్కడ డాక్టరుకు ఏ ఆసుపత్రిలో పనిచేసే అనుమతి ఉంటే ఆపరేషన్ అయినా కాన్పు అయినా అక్కడే జరుగుతుంది. ఇది అందరికంటే ఎక్కువగా గర్భవతులకు సంబంధించిన సంగతి. తెలుగు మాట్లాడే డాక్టరమ్మ దొరికిందని సంతోషించి ఆరు నెలలు చూపించుకున్నాక, ఆవిడ కాన్పులు చేసే ఆసుపత్రి తమ ప్లాన్‌లో లేదని తెలుసుకున్నవాళ్లను నేనెరుగుదును. మొదటి అపాయింట్‌మెంటులోనే కాన్పు ఎక్కడ అని అడగండి. అక్కడ నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ ఏ స్థాయిదో కూడా అడగండి. ఇవి నాలుగు స్థాయిలుగా ఉంటాయి. 32 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డకు కనీసం మూడో స్థాయి కావాలి. కవలలు, రక్తపోటు, మధుమేహం వంటివి ఉన్నవారు దీన్ని అందమైన గదుల కంటే, అతిథుల సోఫాల కంటే ముందు చూడాలి. బిడ్డ పుట్టాక ఉద్యోగపు బీమాలో పేరు చేర్చడానికి చాలా ప్లాన్లు 30 రోజులే గడువిస్తాయని నిద్రలేని ఆ నెలలో గుర్తుండదు, ముందే కాలెండరులో రాసుకోండి.

పెద్ద ఆపరేషన్లకు నేను అన్నింటికంటే విలువిచ్చే ప్రశ్న, ఇక్కడ ఈ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు, మీరు స్వయంగా ఎన్ని చేశారు అన్నది. 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పెద్ద అధ్యయనం, ఎక్కువ సంఖ్యలో ఆపరేషన్లు చేసే ఆసుపత్రుల్లో మరణాలు తక్కువని, క్లోమం, అన్నవాహిక ఆపరేషన్లలో ఆ తేడా మరీ ఎక్కువని చూపింది. డాక్టరును అలా అడగడం అమర్యాద అని మనకు అనిపిస్తుంది. ఇక్కడ అది మామూలు ప్రశ్న, చేయి తిరిగిన సర్జన్ అంకె చెప్పడానికి వెనుకాడడు. విసుక్కుంటే అదీ ఒక జవాబే. మెడికేర్ వారి కేర్ కంపేర్ వెబ్‌సైటులో ఆసుపత్రులకు ఇచ్చే ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు, లీప్‌ఫ్రాగ్ సంస్థ భద్రతకు ఇచ్చే ఎ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్లు చూడదగినవే, కానీ అవి ఆసుపత్రి మొత్తానికి ఇచ్చినవి, మీ జబ్బుకు ఇచ్చినవి కావు. మరీ అధ్వానమైన గ్రేడు వచ్చినచోటును వదిలేయడానికి అవి పనికొస్తాయి, మంచిదాన్ని తేల్చడానికి చాలవు. క్యాన్సర్ అయితే నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు ఉన్న కేంద్రాలు దేశంలో 70కి పైగా ఉన్నాయి. దూరమైనా సరే, చికిత్స మొదలుకాకముందే వాటిలో ఒకదాంట్లో రెండో అభిప్రాయం తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. చికిత్సంతా అక్కడే జరగనక్కర్లేదు. వారు చెప్పిన పద్ధతిని మీ ఊరి డాక్టరు అమలు చేయడం సాధారణమే.

అమ్మానాన్నలు సందర్శకులుగా వచ్చినప్పటి లెక్క వేరు. వారికి కొనే బీమాల్లో, ఒక్కో వైద్యానికి ఇంత అని ముందే గీత గీసినవి చవకగా ఉంటాయి, ఆసుపత్రిలో ఒక రాత్రికే ఆ గీత దాటిపోతుంది. పాత జబ్బులకు అవి చాలావరకు చెల్లవు, ఉన్నట్టుండి తిరగబెడితే మాత్రమే ఎంతో కొంత ఇస్తాయి. అందువల్ల పెద్దవాళ్లకు అత్యవసరం కాని వైద్యం ఇక్కడ చేయించే ముందు, బీమా వాడుకోని పేషెంటుగా అంచనా బిల్లు రాతపూర్వకంగా అడగండి. అలా ఇవ్వడం చట్టం ప్రకారం వారి బాధ్యత. అసలు బిల్లు ఆ అంచనాను 400 డాలర్లు లేదా అంతకంటే ఎక్కువ మించితే, బిల్లు అందిన 120 రోజుల్లోగా వివాదం లేవనెత్తవచ్చు. ఆసుపత్రిలో మాట్లాడటానికి తెలుగు దుబాసీని అడగండి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఫోన్లోనో వీడియోలోనో ఉచితంగా ఏర్పాటు చేయాలి. కొడుకు ముందు చెప్పుకోలేని బాధను అమ్మ అప్పుడు డాక్టరుకు చెప్పగలుగుతుంది.

బిల్లు ఎక్కడిదైనా మొదటి కాగితం చూసి కట్టేయకండి. దేనికెంత అని విడివిడిగా రాసిన బిల్లు అడిగి, దాన్ని బీమా పంపిన కాగితం పక్కన పెట్టి చూడండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలని చట్టం చెబుతోంది, ఇంటికి పంపాక వచ్చిన తొలి బిల్లు నుంచి 240 రోజుల వరకు దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు పత్రం ఎక్కడుందని బిల్లింగ్ విభాగాన్ని అడిగితే చెబుతారు, అడగకపోతే చాలాచోట్ల చెప్పరు.