రిపోర్టు లేదని బిడ్డను గేటు దగ్గరే ఆపేస్తే?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోడుమూరు దగ్గర పల్లె. 2021 మే నెలలో మా నాలుగేళ్ల బాబుకు మూడు రోజులు జ్వరం తగ్గలేదు. నాలుగో రోజు రాత్రి ఎగశ్వాస మొదలైంది. నేను పాజిటివ్ వచ్చి ఇంట్లో ఉన్నాను, మా ఆయన గల్ఫ్‌లో ఉన్నారు. మా అత్తమ్మే బాబును ఆటోలో కర్నూలు తీసుకుపోయింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కోవిడ్ రిపోర్టు లేనిదే లోపలికి రానీలేదు. ఇంకోచోట తల్లో తండ్రో వచ్చి సంతకం పెట్టాలన్నారు. చివరికి పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు, బాబు బాగైనాడు. ఆ రెండు ఆసుపత్రుల మీద ఇప్పుడు కేసు వేయొచ్చా? మళ్ళీ అట్లాంటి జబ్బే వస్తే మేమేం చేయాలి?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, కేసు సంగతి చివర్లో చెబుతాను. మళ్ళీ ఒక అర్ధరాత్రి బిడ్డను ఎత్తుకుని పరుగెత్తాల్సి వస్తే పనికొచ్చేది మీ రెండో ప్రశ్నే కాబట్టి ముందు దానికి జవాబు.

ప్రాణం మీదికి వచ్చిన మనిషిని ముందు చూడాలి, కాగితాలు తర్వాత అడగాలి. ఈ బాధ్యత ప్రభుత్వ డాక్టరుకూ ప్రైవేటు డాక్టరుకూ ఒకటేనని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. 1996లో పశ్చిమ బెంగాల్ నుంచి ఇంకో కేసు వచ్చింది. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషిని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకల్లేవని తిప్పి పంపాయి. అది రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కును కాలరాయడమేనని కోర్టు తేల్చి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ప్రభుత్వం తన దగ్గర డబ్బు లేదని చెప్పి ఈ బాధ్యత నుంచి తప్పుకోలేదని కూడా ఆ తీర్పులోనే ఉంది.

ప్రైవేటు డాక్టరుకు ఎవరిని చూడాలో ఎంచుకునే స్వేచ్ఛ కొంత ఉంది. డాక్టర్ల వృత్తి ప్రవర్తనకు 2002లో చేసిన నిబంధనలు ఆ స్వేచ్ఛ ఇస్తూనే, అత్యవసరంలో పిలిస్తే స్పందించాలని చెబుతున్నాయి. కాబట్టి గేటు దగ్గర మీ మాటంతా 'ఇది అత్యవసరం' అన్నదాని మీదే నిలబడాలి. 'జ్వరమొచ్చింది సార్' అంటే లైన్లో నిలబెడతారు. అదే మాట అంకెతో చెబితే వినక తప్పదు.

బయల్దేరే ముందు ఒక్క నిమిషం ఈ పని చేయండి. బిడ్డ ఏడుపు ఆపినప్పుడో నిద్రలో ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, ఫోన్‌లో గడియారం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో పూర్తి నిమిషం లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయొద్దు, పసివాళ్ల ఊపిరి ఒక తీరుగా ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, ఆపైన 30. లెక్క ఆ అంకెకు చేరినా, దాటినా బిడ్డ వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా, పెదాలు నీలంగా మారినా, ఏమీ తాగలేకపోతున్నా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే కళ్లు తెరవకపోయినా ఇక లెక్కపెడుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. లెక్కపెట్టిన అంకె, టైము ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. డాక్టరుకు అది రోగ లక్షణం. రేపు కోర్టుకు వెళ్తే అదే మీ మొదటి సాక్ష్యం.

ఇక రిపోర్టు. స్థానిక చిరునామా రుజువో గుర్తింపు కార్డో లేదన్న కారణంతో ఎవరికీ ఆసుపత్రిలో చోటు, మందులు నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 30న ఆదేశించింది. ఆ తర్వాత మే 8న కేంద్ర ఆరోగ్య శాఖ చేరికల విధానాన్ని మార్చింది. పాజిటివ్ రిపోర్టు తప్పనిసరి కాదు, అనుమానం ఉన్న రోగిని అనుమానితుల వార్డులో చేర్చుకోవాలి, వేరే ఊరివాళ్లన్న కారణంతో కూడా వెనక్కి పంపకూడదు అని అందులో ఉంది. కోవిడ్ రోగులను చూసే ప్రైవేటు ఆసుపత్రులకూ అది వర్తించింది. మీ బాబును తిప్పి పంపింది మే 8 తర్వాతైతే, ఆసుపత్రి ఆ ఆదేశానికి నేరుగా అడ్డం పోయినట్టే. ఆ విధానం ఆ జబ్బు కోసం ఇచ్చింది. రేపు వేరే జబ్బు వస్తే కొత్త ఉత్తర్వులు వస్తాయి, వాటిని చూసుకోవాలి. ఉత్తర్వు వచ్చేదాకా 21వ అధికరణం, పై తీర్పులు మాత్రం ఉండనే ఉంటాయి.

గేటు దగ్గర సెక్యూరిటీ మనిషితో వాదన పెట్టుకోవద్దు, అతనికి ఏ అధికారమూ లేదు. డ్యూటీ డాక్టరును పిలవమనండి. వచ్చాక ఇంతే అడగండి: 'ముందు బిడ్డను చూడండి. మీ దగ్గర చోటు లేకపోతే ఆక్సిజన్ పెట్టి, ఎక్కడికి పోవాలో చీటీ రాసివ్వండి.' చిన్నపిల్లల వెంటిలేటర్ లేని ఆసుపత్రి బిడ్డను పెద్ద ఆసుపత్రికి పంపడం తప్పు కాదు. కొన్నిసార్లు అదే సరైన వైద్యం. చూడకుండా పంపడమే తప్పు. సరైన రెఫరల్ చీటీలో వచ్చిన టైము, ఊపిరి లెక్క, నాడి, ఆక్సిజన్ శాతం, ఇచ్చిన మందులు, పంపుతున్న కారణం, డాక్టరు సంతకం ఉంటాయి. 'బెడ్స్ లేవు' అని నోటితో చెప్పి పంపే చాలామంది, రాసివ్వమనగానే ఒకసారి లోపలికి వెళ్లి పడకలు చూసి వస్తారు.

రాసివ్వకపోతే అక్కడే నిలబడి పోట్లాడకండి, బిడ్డకు ఆ పది నిమిషాలు చాలా విలువైనవి. కదిలే ముందు ఆసుపత్రి బోర్డు కనపడేలా ఒక ఫోటో తీయండి, టైము ఫోన్‌లో దానంతటదే పడుతుంది. ఇంట్లో ఎవరికైనా 'ఫలానా ఆసుపత్రిలో రిపోర్టు లేదని చూడలేదు' అని వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పంపండి. 108కి చేసిన కాల్, ఆటోకు ఫోన్‌పే చేసిన డబ్బు, ఇవన్నీ ఆ రాత్రి మీరు ఎక్కడున్నారో చెబుతాయి. ఆ ఫోన్‌ను అమ్మేయొద్దు, రీసెట్ చేయొద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ చేతిలో ఉంటే అది సులువవుతుంది. సీసీ కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి. అందుకే వారం తిరగకముందే 'ఫలానా తేదీ, ఫలానా గంట దృశ్యాలు భద్రపరచండి' అని ఆసుపత్రికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పెట్టాలి. ఇలాంటి కేసులు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడే. 'ఆ రాత్రి వాళ్లు మా దగ్గరికి రానే లేదు' అని ఆసుపత్రి ఒక్క మాట అంటుంది, మన దగ్గర కాదనడానికి చీటీ ముక్క ఉండదు.

కోపం ఎంత న్యాయమైనదైనా అద్దం మీద రాయి పడకూడదు. అంటువ్యాధుల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం వైద్య సిబ్బంది మీద దాడికి మూడు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, 50,000 నుంచి రెండు లక్షల దాకా జరిమానా. తీవ్ర గాయమైతే ఆరు నెలల నుంచి ఏడేళ్లు. బెయిల్ సులువుగా దొరకని నేరం ఇది. బిడ్డ లోపల ఉంటే తండ్రి స్టేషన్‌లో ఉండాల్సి వస్తుంది.

మీ అత్తమ్మ సంతకం చెల్లదన్న మాట తప్పు. పన్నెండేళ్ల లోపు బిడ్డకు మేలు కోసం చేసే వైద్యానికి సంరక్షకులు, లేదా ఆ సమయానికి బిడ్డ బాధ్యత చట్టబద్ధంగా ఎవరి చేతిలో ఉంటే వాళ్లు సమ్మతి ఇవ్వొచ్చు. మీ కేసు నాటికి అది భారత శిక్షా స్మృతి 89వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్. మీరే బిడ్డను అవ్వ చేతికిచ్చి పంపారు కాబట్టి ఆమె సమ్మతి చాలు. సమ్మతి ఇచ్చేవాళ్లు ఎవరూ సమయానికి దొరకకపోయినా బిడ్డ మేలు కోసం వైద్యం చేసిన డాక్టరుకు అదే సంహిత 30వ సెక్షన్ రక్షణ ఉంది. అయినా జాగ్రత్తగా తెల్లకాగితం మీద ఇంత రాసిపెట్టుకోండి: 'నా కుమారుడు ఫలానా వాడికి అత్యవసర వైద్యం, ఆపరేషన్ విషయంలో సమ్మతి ఇవ్వడానికి మా అత్తగారు ఫలానా ఆమెకు అధికారం ఇస్తున్నాను.' కింద సంతకం, తేదీ, ఫోన్ నంబరు, వెనుక మీ ఆధార్ నకలు. ఒక హెచ్చరిక: సమ్మతి పత్రం వేరు, బిల్లు కడతానన్న హామీ పత్రం వేరు. చాలాచోట్ల రెండూ ఒకేసారి చేతిలో పెడతారు. చదువు రాని అవ్వ వేలిముద్ర వేసే ముందు ఆ కాగితాన్ని వీడియో కాల్‌లో మీకు చూపించమనండి.

డబ్బు విషయం. ఒకప్పటి ఆరోగ్యశ్రీ ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ఆ పథకం ఉన్న ఆసుపత్రిలో ముందుగా పథకం పనులు చూసే వైద్యమిత్ర డెస్కుకు వెళ్లండి. పథకం కింద చేర్చుకుని వైద్యం చేస్తున్నప్పుడు డిపాజిట్ అడగకూడదు. అడిగితే రసీదు ఇవ్వమనండి, 104కి ఫిర్యాదు చేయండి. పథకం లేని చోట ఓపీ ఫీజు కట్టాల్సి వస్తే చిన్న మొత్తమైనా కట్టి చీటీ తీసుకోండి. ఎందుకో కేసు దగ్గర చెబుతాను. బిల్లు బాకీ ఉందని బాగైన బిడ్డను వార్డులో ఆపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. బాకీ ఉంటే దావా వేసుకోవచ్చు, మనిషిని పట్టి ఉంచితే అది అక్రమ నిర్బంధం.

కర్నూలువాళ్లకు ఇంకో గండం హైదరాబాద్ దారి. 2021 మేలో పుల్లూరు టోల్‌గేట్ దగ్గర ఏపీ అంబులెన్సులను ఆపడం మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడి ఆసుపత్రితో ముందే మాట్లాడుకుని అనుమతి తెచ్చుకుంటేనే పంపుతామన్న ఉత్తర్వును తెలంగాణ హైకోర్టు మే 14న నిలిపేసింది. ఒక రాష్ట్రం సరిహద్దులో రోగిని ఆపడానికి మన రాజ్యాంగంలో చోటు లేదు. అయినా కోర్టు తేల్చేలోపు బిడ్డ రోడ్డు మీద ఉంటాడు. అందుకే అవతలి ఆసుపత్రి నుంచి 'పడక ఉంది, రండి' అన్న వాట్సాప్ మెసేజ్, ఇక్కడి రెఫరల్ చీటీ రెండూ చేతిలో ఉంటేనే బయల్దేరండి. లాక్‌డౌన్ రోజుల్లో వాహనాల మీద కూడా ఆంక్షలు ఉంటాయి. 2020 ఏప్రిల్ మార్గదర్శకాల్లో వైద్యం కోసం కారులో డ్రైవరు కాక వెనుక సీట్లో ఒక్కరినే, బండి మీద నడిపేవారిని మాత్రమే అనుమతించారు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని బండి మీద పోవడానికి ఆ నిబంధనలో చోటే లేదు. అలాంటప్పుడు 108 మంచిది.

ఎవరూ చేర్చుకోకపోతే 108, 104 తర్వాత కలెక్టరేట్ కంట్రోల్ రూముకు చేయండి. విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. గంటల్లో తేలాల్సిన విషయమైతే హైకోర్టులో లంచ్ మోషన్ (అదే రోజు వినమని వేసే అత్యవసర పిటిషన్), సెలవు రోజైతే హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గర వినే పిటిషన్) వేయించొచ్చు. 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు దొరుకుతారు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

ఇప్పుడు మీ కేసు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్క నుంచి తీసేసింది. కాబట్టి మీ గడువు 2022 మార్చి 1న మొదలై 2024 ఫిబ్రవరి చివరికి ముగిసింది. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించొచ్చు. కానీ అంతకన్నా పెద్ద అడ్డంకి ఇంకోటి ఉంది. డబ్బు కట్టినవాళ్లు, కడతామని ఒప్పుకున్నవాళ్లే ఆ చట్టం కింద వినియోగదారులు. గేటు దగ్గరే ఆపేస్తే మీరు ఏమీ కట్టలేదు. ఓపీ చీటీ తీసుకోమన్నది ఇందుకే. అది ఉంటే, ఆసుపత్రికి కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు కూడా ఉండదు. ప్రైవేటు ఆసుపత్రులు ఏపీలో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద రిజిస్టర్ అవుతాయి కాబట్టి జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి (డీఎంహెచ్‌వో), డాక్టరు మీదైతే ఏపీ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు ఇవ్వొచ్చు. శాశ్వత లోక్ అదాలత్‌లో ఆసుపత్రి సేవల తగాదా పెట్టుకోవడానికి కోర్టు ఫీజు లేదు.

నిజం చెప్పాలంటే, బాబు పూర్తిగా కోలుకున్నాడు, గేటు దగ్గరి సాక్ష్యం మీ చేతిలో లేదు. ఈ స్థితిలో వినియోగదారుల కేసుకు డబ్బు ఖర్చు పెట్టమని నేను చెప్పను. బాబుకు మాత్రం తన పేరు మీద ఒక హక్కు మిగిలే ఉంది. మైనరుకు జరిగిన నష్టానికి సివిల్ దావా గడువు అతనికి 18 నిండాకే మొదలవుతుంది. లిమిటేషన్ చట్టం 6, 8 సెక్షన్ల కింద ఆపైన మూడేళ్ల దాకా ఉంటుంది, అంటే దాదాపు 2038 వరకు. ఆలస్యం వల్ల ఊపిరితిత్తులకో గుండెకో ఏదైనా దెబ్బ తగిలిందని ముందు ముందు బయటపడితే అది పనికొస్తుంది.

దానికి కావాల్సింది పెద్దాసుపత్రి కేస్ షీటు. ఏ టైముకు, ఏ స్థితిలో వచ్చాడో రాసి ఉండేది అందులోనే. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు ఉంచాలని, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నిబంధనలు చెబుతాయి. ఆ మూడేళ్లు ఇప్పటికే దాటాయి. కాబట్టి రికార్డు ఇంకా ఉందనే నమ్మకంతో ఈ వారమే వెళ్లండి. సూపరింటెండెంటు పేర దరఖాస్తు రాయండి: 'నా కుమారుడు ఫలానా, ఐపీ నంబరు ఫలానా, 2021 మే నెలలో మీ ఆసుపత్రిలో చేరాడు. కేస్ షీటు, డిశ్చార్జి సమ్మరీ, పరీక్షల రిపోర్టుల ధ్రువీకృత నకళ్లు ఇప్పించగలరు.' రెండో ప్రతి మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. స్పందన లేకపోతే అదే సమాచారాన్ని పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు చట్టం కింద అడగండి, తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆ ఫీజు కూడా ఉండదు. వచ్చిన కాగితాలను బాబు టీకాల కార్డుతో కలిపి ఒకే ఫైల్లో పెట్టండి.