ఆ ఒక్క ప్లగ్గుని నమ్మి బ్రూనోని వదిలి వెళ్ళకు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ట్రక్కు వెనక లాగే 32 అడుగుల ఇంటి ట్రైలరు కొన్నారనీ, జులైలో డాలస్ నుంచి యెల్లోస్టోన్ పార్కు దాకా పిల్లలతో, కుక్క బ్రూనోతో, పిల్లి చిన్నితో రోడ్డు మీదే వెళ్తున్నారనీ మీ అమ్మ చెప్పింది. నువ్వూ అల్లుడూ వంతులవారీగా నడుపుతారట. మన ఇంటి ఆడపిల్ల అంత పెద్ద బండి లాగుతోందంటే నాకెంత గర్వంగా ఉందో. కానీ మీ అమ్మే ఇంకో మాట కూడా అంది. "కుక్కకేం అక్కా, ట్రైలర్లో ఏసీ ఉంటుందిగా, వీళ్ళు ఊరు చూసొచ్చేదాకా చల్లగా పడుకుంటుంది" అంది. అది విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఆ ఏసీ సంగతి కోసమే ఈ ఉత్తరం. మిగతావి కూడా చెప్తాను, కానీ అది మాత్రం రెండుసార్లు చదువు.

ముందు చిన్నవి. రేబీస్ టీకా సర్టిఫికెట్టు కాగితంగా ఒకటి, ఫోన్లో ఒకటి పెట్టుకో. మైక్రోచిప్ రిజిస్ట్రీలో మీ పాత ఫోన్ నంబరు ఉందేమో చూసి మార్చు. పేలమందు, హార్ట్‌వర్మ్ మాత్రలు ప్రయాణం మొత్తానికీ సరిపడా తీసుకో. ఊరు మారి నీళ్ళు మారితే బ్రూనోకి కడుపు పాడవుతుంది కాబట్టి మొదటి రెండు రోజులకైనా ఇంటి నీళ్ళు క్యాన్లలో పట్టుకెళ్ళు. బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి పెట్టేయి.

ఇక బరువు. ట్రక్కు డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని రాసి ఉంటుంది. ఇన్ని వేల పౌండ్లు లాగుతుందని డీలరు చెప్పే లెక్క వేరు. ముందుగా చాలకుండా పోయేది ఎప్పుడూ ఈ స్టిక్కరు లెక్కే. మీ ట్రైలరు సామాన్లతో 9,000 పౌండ్లు తూగుతుందనుకో. టంగ్ వెయిట్, అంటే ట్రైలరు ముందు కొస ట్రక్కు మీద మోపే బరువు, అందులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. 13 శాతం వేసుకుంటే 1,170 పౌండ్లు ట్రక్కు వెనక, ట్రైలరుని తగిలించే హిచ్ మీద కూర్చుంటాయి. హిచ్ సామగ్రి 100, మీరు నలుగురూ 430, బ్రూనో 70, దాని క్రేటు 40. మొత్తం 1,810. హాఫ్ టన్ను అని పిలిచే మామూలు పికప్ ట్రక్కుల్లో చాలావాటి స్టిక్కరు మీద 1,500, 1,700 మధ్యే ఉంటుంది. ఇంకా జనరేటరూ బియ్యం బస్తా ఎక్కించనే లేదు! బరువు తగ్గించాలని సామానంతా ట్రైలరు వెనక భాగంలోకి నెట్టొద్దు. టంగ్ వెయిట్ తగ్గిపోయి బండి అటూ ఇటూ ఊగుతుంది. ఊగడం మొదలైతే ట్రక్కు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, బ్రేక్ కంట్రోలర్ మీదున్న లివరుతో ట్రైలరు బ్రేకులు మాత్రమే మెల్లగా వెయ్యి. ఆ లివరు ఎక్కడుందో చూడకుండానే చెయ్యి దాని మీద పడేంతవరకూ ఇంటి దగ్గరే అలవాటు చేసుకో.

టైర్ల గోడ మీద చివరి నాలుగంకెలు చూడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఐదారేళ్ళు దాటిన టైరు చూడ్డానికి కొత్తగా ఉన్నా నమ్మొద్దు. ట్రైలరు టైర్లలో కొన్నిటిని గంటకి 65 మైళ్ళ వేగానికే తయారుచేస్తారు. టెక్సాస్‌లో 75 బోర్డు చూసి కాలు బరువు చెయ్యకండి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

ట్రైలరు కదులుతున్నంతసేపూ బ్రూనో గానీ చిన్ని గానీ అందులో ఉండకూడదు. ఏసీ నడవదు, అలమరాలు తెరుచుకుంటాయి, లోపల ఏం జరుగుతోందో మీకు తెలీదు. ఇద్దరూ ట్రక్కులో మీతోనే రావాలి. బ్రూనోకి క్రాష్ టెస్ట్ అయిన హార్నెస్సు గానీ, పట్టీలతో గట్టిగా బిగించిన క్రేటు గానీ. రెండు గంటలకోసారి ఆపు. తలుపు తీయకముందే లీషు తగిలించు, ఆ తర్వాతే తలుపు. ట్రక్ స్టాపుల్లో కుక్కలు దూకి తప్పిపోయేది ఆ ఒక్క క్షణంలోనే.

చిన్ని విషయంలో నా భయం స్లైడ్. బటన్ నొక్కితే గది గోడ బయటికి జరుగుతుందే, దాని కిందా వెనకా మోటారూ పళ్ళచక్రాలూ కేబుళ్ళూ ఉంటాయి. కొత్త చోట పిల్లి ముందు వెతుక్కునేది అలాంటి చీకటి సందునే. స్లైడ్ బలానికి పిల్లి అడ్డం పడ్డా ఆగదు, అరుపు వినేసరికే ఆలస్యమైపోతుంది. కాబట్టి క్రమం ఎప్పుడూ ఒకటే. బయలుదేరేటప్పుడు ముందు చిన్ని క్యారియర్లోకి, క్యారియర్ ట్రక్కులోకి, తర్వాతే స్లైడ్ లోపలికి. చేరాక చక్రాలకి అడ్డాలు పెట్టి, లెవెల్ చేసి, కరెంటు తగిలించి, స్లైడ్లు బయటికి తీసి, ఏసీ వేసి, అన్నీ అయ్యాక చిన్ని లోపలికి. "మంచం మీదే ఉందిగా" అని పిల్లలు అంటారు. బటన్ నొక్కేవాళ్ళు తమ కళ్ళతో క్యారియర్లో చూడాలి, ఇంకొకరి మాట మీద నొక్కకూడదు. సింకు కింద పైపులు నేలలోకి దిగే చోట చుట్టూ సందులుంటాయి. పిల్లి తల పడితే ఒళ్ళంతా పడుతుంది. అలా కిందికి దిగిన పిల్లిని తీయాలంటే ట్రైలరు అడుగు రేకు విప్పాల్సి వస్తుంది. బయలుదేరే ముందే స్టీల్ ఊలు కుక్కి ఫోముతో మూసేయండి.

ఇప్పుడు ఆ ప్లగ్గు సంగతి. ట్రైలర్లు తిప్పేవాళ్ళలో ఎంత జాగ్రత్తపరులైనా చేసే పాత పొరపాటు ఇది, ఏటా కొత్తవాళ్ళు మళ్ళీ చేస్తారు. ఏసీ 72 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెట్టి, నీళ్ళ గిన్నె నింపి, తాళం వేసి భోజనానికి వెళ్తారు. వెళ్ళేటప్పుడు అంతా బాగానే ఉంటుంది, మోసం అక్కడే ఉంది.

మీది 30 ఆంపుల ప్లగ్గని మీ అమ్మ చెప్పింది. ఏసీకి 14 ఆంపులు. వాటర్ హీటరు కరెంటు మీద ఉంటే 12. బ్యాటరీ ఛార్జయ్యే కన్వర్టరుకి 5. గ్యాసుకీ కరెంటుకీ రెండింటికీ నడిచే ఫ్రిజ్ అయితే దానికి 3. మొత్తం 34. ఇలా కాస్తే ఎక్కువైనప్పుడు బ్రేకర్ వెంటనే పడదు, లోపల వేడెక్కి పడుతుంది, దానికి చాలాసేపు పట్టొచ్చు. అంటే మీరు తాళం వేసి, కారెక్కి, హోటల్లో కూర్చుని ఆర్డరిచ్చాక పడుతుంది. హీటరు కూడా దానంతటది ఆగి వెలుగుతుంది కాబట్టి మీరున్నంతసేపూ ఆగి ఉండి, వెళ్ళాక వెలగొచ్చు.

అది పడకపోయినా ఇంకొకటుంది. జులై మధ్యాహ్నం ట్రైలర్లు నిలిపే పార్కులో వందమందీ ఏసీలు వేస్తారు. 120 ఉండాల్సిన వోల్టేజి 110కి, ఇంకా కిందికి జారుతుంది. ఏసీ కాలిపోకుండా మీరు పెట్టుకునే ఈఎంఎస్ పెట్టె 104 దగ్గర కరెంటు ఆపేస్తుంది. దాని పని అది సరిగ్గానే చేసింది, ఏసీని కాపాడింది. లోపలున్న కుక్క దానికి తెలీదు. మూడోది, పెడస్టల్లో, అంటే సైటు దగ్గర కరెంటు ఇచ్చే స్తంభంలో, అరిగిపోయిన సాకెట్టు. ప్లగ్గు వదులుగా కూర్చుంటే ఆ చోట కాలి నల్లబడుతుంది. ఏసీ వేసిన అరగంటకి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సైటు మార్చమని అడుగు, మొహమాటపడకు.

బయట 85 డిగ్రీలున్నప్పుడు మూసిన కారులో పది నిమిషాలకి సుమారు 104, అరగంటకి సుమారు 119 అవుతుంది. ట్రైలరు పెద్దది కాబట్టి అంత తొందరగా ఎక్కదు, కానీ గోడలు పల్చన, పైకప్పంతా ఎండ. విచిటా ఫాల్స్ దగ్గర జులైలో బయటే 100 మామూలు. పైకప్పు ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుంది నిజమే, కానీ బయట వందుంటే అది లోపలికి తెచ్చేది కూడా ఆ వంద డిగ్రీల గాలే. చిన్నప్పుడు గుంటూరులో వేసవి సెలవులకి వచ్చి, ఎర్రటి ఎండలో వీధి కుక్కపిల్లలకి నీళ్ళ గిన్నెలు మోసుకెళ్ళేదానివి. కాళ్ళు బొబ్బలెక్కాయని మీ అమ్మ కేకలేస్తే, వాటికీ కాళ్ళు కాల్తాయిగా అన్నావు. నీకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అందుకని ఇలా చెయ్యి. వదలక తప్పని రోజున హీటరూ ఫ్రిజ్జూ గ్యాసు మీదకి మార్చు, మైక్రోవేవ్ ముట్టుకోకు, ఆ ప్లగ్గు మీద ఏసీ తప్ప పెద్దదేదీ ఉండకూడదు. మీరు ట్రైలర్లో ఉండగానే ఏసీని గంటసేపు అలాగే నడిపి చూడు. సొంత సిమ్మూ సొంత బ్యాటరీ ఉన్న టెంపరేచర్ సెన్సారు కొను. క్యాంప్‌గ్రౌండ్ వైఫై మీద నడిచే కెమెరా పనికిరాదు, కరెంటు పోతే వైఫై కూడా పోయి పాత బొమ్మే చూపిస్తూ ఉండొచ్చు. హెచ్చరిక 80 డిగ్రీలకి పెట్టు, కరెంటు పోయినా మోగేలా పెట్టు. ఇంటి ముందే ఒకసారి ప్లగ్గు లాగేసి, నీ ఫోను ఎన్ని నిమిషాలకి మోగిందో చూడు. మోగినప్పుడు నువ్వు పావుగంటలో చేరలేని చోటికి వెళ్ళకూడదు. తలుపు మీద మీ ఇద్దరి నంబర్లూ, లోపల కుక్కా పిల్లీ ఉన్నాయని రాసి అంటించు. క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసు వాళ్ళకి ఒక తాళం ఇవ్వు.

ఇంకో మాట. యెల్లోస్టోన్‌లో చాలాచోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు. సెన్సారు ఎంత మంచిదైనా, నీ ఫోనుకి సిగ్నల్ లేకపోతే ఆ హెచ్చరిక నీదాకా రాదు. పైగా పార్కులోపల కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ హుకప్పులున్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు ఒక్కటే. అక్కడ దొరకకపోతే జనరేటరే గతి. దానికి వేళలుంటాయి, ఎత్తు వెయ్యి అడుగులు పెరిగినకొద్దీ దాని శక్తి సుమారు మూడు శాతం చొప్పున తగ్గుతుంది. అక్కడ చాలాచోట్ల ఎత్తు ఏడు వేల అడుగులు దాటి ఉంటుంది, ఇంట్లో ఏసీ లాగిన జనరేటరు అక్కడ లాగకపోవచ్చు. అక్కడ పగలు డాలస్ అంత వేడి ఉండదనేది మీ అదృష్టం, కానీ మూసిన బండికి 70 డిగ్రీల ఎండ కూడా చాలు.

బ్రూనోని వేడి నీటి గుంటల పక్కన వేసిన చెక్క బాటల (బోర్డువాక్‌ల) మీదకి, ట్రెయిళ్ళలోకి రానివ్వరు. రోడ్డుకీ పార్కింగుకీ క్యాంప్‌గ్రౌండుకీ 100 అడుగుల లోపలే, ఆరడుగుల లీషుతో ఉండాలి, ఎక్కడా కట్టేసి వదలకూడదు. ఆ వేడి నీటి గుంటల చుట్టూ నేల పైపొర పల్చగా ఉంటుంది, కింద మరిగే నీళ్ళు. లీషు జారితే కుక్కని పట్టుకోవడానికి వెనకాలే పరిగెత్తకండని పిల్లలకి ఇప్పుడే చెప్పు. వేడి నీళ్ళు పైకెగజిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర నువ్వూ అల్లుడూ వంతులు వేసుకోండి. ఒకరు పిల్లలతో వెళ్ళండి, ఒకరు బ్రూనోతో నీడలో ఉండండి. ఇద్దరూ కలిసే చూడాలనుంటే ఆ ఒక్క రోజుకీ పార్కు బయటి ఊళ్ళో పెట్ బోర్డింగు ఇప్పుడే బుక్ చెయ్యి. బోర్డెటెల్లా (కుక్కల దగ్గు) టీకా అడుగుతారు, ముందే వేయించు.

దారిలో రోజుకి 300 మైళ్ళు చాలు, మధ్యాహ్నం మూడింటికల్లా చేరిపోండి. వ్యోమింగ్‌లో లారమీ, రాలిన్స్ మధ్య గాలి ఎత్తైన బండ్లని తోసేస్తుంది. తేలిక బండ్లు రావొద్దని బోర్డు వెలిగితే ఆగిపోండి, రిజర్వేషన్ డబ్బు పోతే పోనీ. డుబోయిస్ దాటాక టొగ్వొటీ కనుమ 9,658 అడుగులు. దిగేటప్పుడు టో మోడ్‌లో (బండి లాగేటప్పుడు వేసే అమరిక) తక్కువ గేరు, బ్రేకు ఆపి ఆపి తొక్కాలి.

పులుసులోనూ బిర్యానీలోనూ ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కకీ పిల్లికీ విషం. పాయసంలో ఎండుద్రాక్ష అంతకంటే ప్రమాదం. క్యాంపులో పక్కవాళ్ళు ముద్దుగా పెడతారు, పిల్లలు జాలిపడి పెడతారు. నిక్కచ్చిగా చెప్పేయి. బ్రూనో రొప్పుతూ చిగుళ్ళు ఎర్రబడి, చొంగ కారుస్తూ తూలితే ఆలోచించకు. ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసి, గాలి తగిలేలా చేసి, తడి తువ్వాలు కప్పకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళు. ప్రతి మజిలీకీ దగ్గర్లో 24 గంటలూ తెరిచి ఉండే జంతువుల ఆసుపత్రి ఏదో కాగితం మీద రాసుకో, ఫోన్లో వద్దు.

బయలుదేరే ముందు వారం, నీళ్ళూ సామానూ మీరు నలుగురూ బ్రూనో అంతా ఎక్కాక, ఏదైనా ట్రక్ స్టాపులో బండ్లు తూచే క్యాట్ స్కేల్ మీద తూయించు. ఆ చీటీ, తలుపు స్టిక్కరు రెండూ ఫొటో తీసి నాకు పంపు. లెక్క నేను కూడా ఒకసారి వేస్తాను. సెన్సారు ప్లగ్గు లాగి చూశాక ఎన్ని నిమిషాలకి మోగిందో కూడా రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ