ప్లేట్ ఎక్స్‌ఛేంజర్ సర్వీసు: మేనల్లుడికి నాలుగు మాటలు

చి. వంశీకి మామయ్య ఆశీస్సులు.

డెయిరీలకు, ఫార్మా కంపెనీలకు ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్లు సర్వీసు చేసే పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి పనే. పల్చటి లోహపు ప్లేట్ల వరుసలో పక్కపక్క సందుల్లో వేడి ద్రవం, చల్లటి ద్రవం పారి వేడి మార్చుకునే యంత్రాలవి. అయితే బ్రేజ్డ్ యూనిట్లు, అంటే ప్లేట్లు లోహంతో అతికించేసినవి, విప్పడానికి రావు, వాటి జోలికి పోకు. ప్లేట్ల మధ్య గ్యాస్కెట్లు, అంటే లీకు ఆపే రబ్బరు పట్టీలు, ఉన్నవే నీ గిరాకీ.

విప్పకముందే రెండు పనులు చెయ్యి. ప్లేట్ల అంచుల మీద పైనుంచి కిందికి ఏటవాలుగా పెయింటుతో ఒక గీత గియ్యి. మళ్లీ పెట్టేటప్పుడు ఏ ప్లేటు తారుమారైనా గీత తెగి కనపడుతుంది. తర్వాత రెండు చివర్ల మందపాటి పలకలకు, అంటే కదలని ఫ్రేమ్ ప్లేటుకీ బోల్టులతో బిగించే ప్రెషర్ ప్లేటుకీ మధ్య లోపలి కొలత రాసుకో, అదే బిగింపు కొలత. ముందెవరైనా కొన్ని ప్లేట్లు తీసేసి ఉంటే నేమ్‌ప్లేటు మీది బిగింపు కొలత చెల్లదు. అప్పుడు ప్లేటు మందం, ప్రెసింగ్ డెప్త్ (ప్లేటు మీద నొక్కిన గాళ్ల లోతు) కలిపి ప్లేట్ల సంఖ్యతో హెచ్చవేసుకో: మందం 0.5, లోతు 3 మి.మీ. అయితే 100 ప్లేట్లకు 350 మి.మీ. లీకవుతోంది కదా అని ఆ కొలత కంటే దగ్గరగా బిగించావో, ప్లేట్లు ఒకదాన్నొకటి నొక్కుకుని నలిగిపోతాయి. లీకు ఆగకపోతే విప్పి గ్యాస్కెట్ కూర్చునే గాడి చూడాలి తప్ప స్పానర్ మీద బలం చూపించకూడదు.

బోరు నీళ్ల గార పట్టిన స్టీలు ప్లేట్లకు హైడ్రోక్లోరిక్ యాసిడ్ తగలనివ్వకు, గుంటలు పడిపోతాయి. సల్ఫామిక్ యాసిడ్ 4 శాతం లోపు, వేడి 60 డిగ్రీలు దాటకుండా వాడు. ఇనుప బ్రష్ వద్దు, నైలాన్‌ది చాలు. కడిగి ఆరాక డై పెనిట్రెంట్‌తో, అంటే సన్న సందుల్లోకి ఇంకే రంగు ద్రవంతో, చిల్లులు వెతుకు. ఒక ప్లేటు పోతే పక్కదాన్నీ జతగా తియ్యాలి, బిగింపు కొలత కూడా ఆ మేరకు తగ్గించాలి.

గ్యాస్కెట్ రబ్బరు సంగతి ఫార్మాలో చాలా జాగ్రత్త. వేడినీళ్లకు ఈపీడీఎం అనే రబ్బరు బాగుంటుంది, నూనె తగిలితే ఉబ్బుతుంది. టోలుయిన్ అనే ద్రావకానికి ఎఫ్‌కేఎం అనే రబ్బరు ఆగుతుంది, అసిటోన్‌కు ఆగదు. లోపల ఏం పారుతుందో, దేంతో కడుగుతారో రెండూ రాతపూర్వకంగా తీసుకో.

బోల్టులు ఎదురెదురు మూలల వరసలో, కొంచెం కొంచెంగా బిగించు. టెస్టు ఎప్పుడూ నీళ్లతోనే, గాలితో వద్దు. ఒక వైపే ప్రెషర్ ఇచ్చి రెండో వైపు కింది పోర్టు తెరిచి పెట్టు, చుక్క రాలితే ప్లేటు చిల్లే.

కొటేషన్లో గ్యాస్కెట్ మార్పు ప్లేటుకింత అని వెయ్యి. చిల్లు పడ్డ ప్లేట్ల ఖరీదు వేరే అని మొదటే రాయి, లేకపోతే బిల్లు దగ్గర గొడవ.

మీ మామయ్య