మా బాబు స్కౌట్స్‌లో చేరొచ్చా?

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. స్కూల్లో స్కౌట్స్‌కు పేరిచ్చాడు. మా మామగారేమో "అది ఇంగ్లీషోళ్లు పెట్టింది, ఏ సర్కారొస్తే దానికి జై కొట్టించుడే దాని పని" అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఆయన చెప్పేది నిజమేనా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ మామగారి మాటలో సగం నిజం ఉంది. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి స్కౌట్ క్యాంపు పెట్టిన బేడెన్ పోవెల్ బ్రిటిష్ సైన్యాధికారి. 1909లో స్కౌటింగ్ మన దేశానికి వచ్చినప్పుడు తెల్లవాళ్ల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే చోటు, మన పిల్లల్ని రానివ్వలేదు. ఆ అవమానం భరించలేకే అనిబిసెంట్, అరండేల్ మద్రాసులో వేరే సంఘం పెట్టారు, 1918లో అలహాబాద్‌లో మాలవీయ, కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవా సమితి స్కౌట్లను మొదలుపెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ఇవన్నీ కలిసి 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అయ్యాయి, మరుసటి ఏడాది ఆడపిల్లల గైడ్స్ కూడా వచ్చి చేరారు. అంటే మీ బాబు కట్టుకోబోయే స్కార్ఫ్ తెల్లవాళ్లు ఇచ్చి పోయింది కాదు, మనవాళ్లు కొట్లాడి తెచ్చుకున్నది.

ఇక జై కొట్టించడం సంగతి. పిల్లల్ని గుప్పిట్లో పెట్టుకోవాలని చూసిన సర్కార్లు స్కౌట్లను వాడుకున్న దానికంటే మూసేసిందే ఎక్కువ. రష్యాలో స్కౌట్లను అణిచేసి 1922లో పయనీర్లు అనే సర్కారీ పిల్లల దళాన్ని తెచ్చారు, మెడలో గుడ్డ అదే, నినాదం దాదాపు అదే, 1924లో పేరు మాత్రం లెనిన్‌ది పెట్టారు. జర్మనీలో పిల్లలు హిట్లర్ పేరు మీదే ప్రమాణం చేయాలి, 1939 కల్లా హిట్లర్ యూత్ అనే దళంలో చేరడం తప్పనిసరి చేశారు. ఇటలీలో ముస్సోలినీ స్కౌట్లను రద్దు చేస్తే మిలాన్ దగ్గరి కొందరు కుర్రాళ్లు ఏళ్ల తరబడి దొంగచాటుగా క్యాంపులు నడిపారు, రెండో ప్రపంచ యుద్ధం చివరి ఏళ్లలో యూదుల్ని స్విట్జర్లాండ్ సరిహద్దు దాటించారు.

నన్ను అన్నిటికంటే కదిలించేది చెకోస్లొవేకియా. అక్కడి స్కౌట్ సంఘాన్ని 1940లో హిట్లర్ నాజీలు మూసేశారు, 1945లో మళ్లీ లేచింది. 1948 తర్వాత కమ్యూనిస్టులు మూసేసి నాయకుల్ని జైళ్లలో పెట్టారు, 1968లో మళ్లీ లేచింది, 1970లో మళ్లీ మూత, 1989లో మళ్లీ మొదలు. ఎవరొస్తే వాళ్లకు జై కొట్టేదైతే ఒకరి మీద ఒకరికి పడని ఆ ఇద్దరూ దాన్నెందుకు మూసేస్తారు?

మన స్కౌట్ ప్రమాణంలో దైవం, దేశం, తోటివారికి సాయం, స్కౌట్ నియమం, ఇంతే ఉంటాయి. ఏ పార్టీ పేరూ, ఏ నాయకుడి పేరూ లేదు. నేనూ కాజీపేటలో స్కౌట్‌నే. మేడారం జాతరలో రాత్రంతా మంచినీళ్లు మోసినప్పుడు తాగేవాళ్లది ఏ ఊరని కూడా అడగలేదు.

అయినా కళ్లు తెరిచే ఉండండి. ముడులు, ప్రథమ చికిత్స, వంట, క్యాంపు నేర్పుతుంటే సంతోషంగా పంపండి. యూనిఫాం వేయించి ఎవరో నాయకుడి సభలో దండలు పట్టించి నిలబెడితే మాత్రం ఆ రోజే వెళ్లి స్కౌట్ మాస్టర్‌ను గట్టిగా అడగండి, మీ మామగారిని కూడా వెంట తీసుకెళ్లండి.