రేపటి పప్పు డబ్బు ముందే తీసి పెట్టినట్టు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. స్టేషన్ దగ్గర టిఫిన్ బండి నడుపుతాను. మా అబ్బాయికి 23 ఏళ్లు. పార్వతీపురంలో చదువుకుని, ఐటీఐ ఫిట్టర్ పాసై, ఇక్కడి ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద చేస్తున్నాడు. చేతికి 16 వేలు వస్తాయి. 20వ తేదీ వచ్చేసరికి నన్నే అడుగుతాడు. ఫోన్ ఈఎంఐ, బయట తిండి, స్నేహితులు. "నాకు మనసు మీద అదుపు లేదమ్మా" అంటాడు. ఇప్పుడేమో పని మానేసి ఆప్షన్ ట్రేడింగ్ చేస్తాడట. 35 ఏళ్లకల్లా ఎవరి కిందా పని చేయక్కర్లేదట. నాకు టెన్షన్‌గా ఉంది. వాడి ఏటీఎం కార్డు నేను తీసేసుకోనా?

జవాబు: అమ్మా, ముందు ట్రేడింగ్ సంగతి తేల్చేద్దాం. 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ ఒక లెక్క బయటపెట్టింది. అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో, అంటే షేర్ల ధర ఎటు పోతుందో ముందే ఊహించి డబ్బు పెట్టే ఒప్పందాల్లో, దిగిన కోటి మందికి పైగా మామూలు మనుషుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఒక్కొక్కరికి సగటున సుమారు 2 లక్షలు పోయాయి. మీ అబ్బాయి ఏడాది జీతమే 1,92,000. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి అతనికి చూపించండి. వాదించక్కర్లేదు.

ఇక అదుపు సంగతి. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఈ మాటే అంటారు, అదేదో పుట్టుకతో రావాల్సిన గుణం అన్నట్టు. నేను ఒప్పుకోను. 1970 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లలకు మిఠాయి చూపించి, కాసేపు తినకుండా ఆగితే రెండు ఇస్తామన్నాడు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని ఆ తర్వాత బాగా ప్రచారమైంది. కానీ 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లల వివరాలు తీసి, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలో కలిపి చూస్తే ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించేది మిషెల్ పరీక్షల్లోనే కనబడిన ఇంకో విషయం. మిఠాయి మీద మూత పెట్టినప్పుడు అదే వయసు పిల్లలు చాలా ఎక్కువసేపు ఆగగలిగారు. అప్పటికప్పుడు వాళ్లకు మనోబలం పెరిగిపోలేదు, కంటికి ఎదురుగా మిఠాయి లేదు, అంతే.

ఈ పని మీకు కొత్త కాదు. సాయంత్రం గల్లా లెక్కపెట్టేటప్పుడు రేపటి మినప్పప్పు, బియ్యం, నూనె, గ్యాస్ డబ్బు ముందు పక్కన పెట్టి, మిగిలిందే మీదనుకుంటారు కదా. అలా చేయకపోతే ఎల్లుండికి బండి ఉండదు. మీ అబ్బాయి దీన్ని తిరగేసి చేస్తున్నాడు. ముందు ఖర్చు, మిగిలితే దాచుకోవడం. 16 వేలల్లో అలా ఎవరికీ మిగలదు.

అందుకే జీతం పడే బ్యాంకులోనే నెలకు 2 వేలతో ఏడాది ఆర్‌డీ (నెలనెలా ఒకే మొత్తం జమయ్యే రికరింగ్ డిపాజిట్) తెరిపించండి. జీతం పడిన మర్నాడే దానంతట అదే కోసుకునేలా తేదీ పెట్టించండి. నిగ్రహం కావాల్సింది ఆ ఒక్క రోజుకే. మిగతా నెలంతా బిర్యానీ ముందు కూర్చుని మనసుతో కుస్తీ పట్టే పని ఉండదు. వడ్డీ కాకుండా ఏడాదికి అసలు 24 వేలు, అంటే నెలన్నర జీతం. 35 ఏళ్ల కల తర్వాత చూద్దాం. ఏ 20వ తేదీన అమ్మను అడగకుండా నెల గడుస్తుందో అదే అతని మొదటి ఆర్థిక స్వాతంత్ర్యం. ఫోన్ ఈఎంఐ తీరిన నెలలో ఆ సొమ్మునూ ఇటే మళ్లించాలి, ఇంకో ఫోన్ వైపు కాదు.

పీఎఫ్ గురించి తప్పకుండా అడగండి. 20 మంది, ఆపైన పనిచేసే చోట కాంట్రాక్టు వాళ్లకూ అది వర్తిస్తుంది. బేసిక్ (మూల జీతం), డీఏ (కరువు భత్యం)ల మీద 12 శాతం అతని నుంచి, అంతే వాటా యజమాని నుంచి. యూఏఎన్ అనే తన పీఎఫ్ నంబరుతో పాస్‌బుక్ తెరిచి డబ్బు పడుతోందో లేదో చూడమనండి. కాంట్రాక్టర్ మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకుని బండికో పెళ్లికో పెట్టేసిన కుర్రాళ్లను చూసి ఎన్నిసార్లు బాధపడ్డానో చెప్పలేను. అది కనబడకుండా పెరిగే డబ్బు, దాన్ని ముట్టుకోకూడదు.

అయితే 16 వేలను ఎంత పొదుపుగా వాడినా అది 16 వేలే. సంపాదన పెరగాలి, దానికీ క్రమశిక్షణ కావాలి, ఈసారి డబ్బులో కాదు, సమయంలో. ఆంధ్రా వైపున పార్వతీపురంలో చదివాడన్నారు కాబట్టి ఒడియా మాట్లాడినా చదవడం రాయడం వచ్చి ఉండదనుకుంటాను. మన సరిహద్దు పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. షిఫ్ట్ నుంచి వచ్చి స్నానం చేశాక, ఫోన్ పట్టుకోకముందు అరగంట ఒడియా. రోజూ అదే వేళ, అదే చోటు. ఆ అరగంట ఫోన్ మీ దగ్గర ఉండనివ్వండి. ఐటీఐ పాసైనవాళ్లు లేటరల్ ఎంట్రీతో డిప్లొమా రెండో ఏడాదిలో చేరవచ్చు, ఆ నోటిఫికేషన్ కూడా కనిపెట్టుకుని ఉండమనండి.

ఏటీఎం కార్డు మాత్రం తీసుకోకండి. తీసుకుంటే అదుపు మీది అవుతుంది, అతనికి అబ్బదు. దానికి బదులు వచ్చే నెల 20న చేయి చాపితే డబ్బు ఇవ్వకండి. మొదటి రెండు మూడు నెలలు అతనికంటే మీకే కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. ఆకలేస్తే బండి దగ్గర ఇడ్లీ ఎలాగూ ఉంటుంది, అది పెట్టండి.