పేపర్ ఎంపికైంది, ఫీజు కట్టే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి నెల్లూరులో పీహెచ్‌డీ రెండో ఏడాది. రొయ్యల వ్యాధుల మీద తను రాసిన పేపర్ యూరప్‌లో జరిగే కాన్ఫరెన్స్‌కు ఎంపికైంది. ఇంకా ఐదు నెలల టైముంది. మొత్తం రెండు లక్షలవుతుందట. వడ్డీకి తెచ్చి పంపమంటారా? – ఒక తండ్రి

జవాబు: పంపించవచ్చండీ, వడ్డీకి తెచ్చి మాత్రం వద్దు. అసలు చిక్కంతా తేదీలది. రిజిస్ట్రేషన్ ఫీజు ముందే కట్టాలి, వీసా మధ్యలో వస్తుంది, ప్రయాణానికి ప్రభుత్వ సంస్థలిచ్చే గ్రాంటు డబ్బు ఎక్కువగా తిరిగొచ్చాకే చేతికందుతుంది.

ముందు ఆ కాన్ఫరెన్స్ నిజమైనదో కాదో గైడ్‌తో కలిసి చూడమనండి. సమీక్షకుల వ్యాఖ్య ఒక్కటీ లేకుండా రెండు రోజుల్లో ఓకే చెప్పారా? ఇంజినీరింగ్, వైద్యం, మేనేజ్‌మెంట్ అన్నీ ఒకే సభలో ఉన్నాయా? పోయినేడు జరిగిన సభ కార్యక్రమ పత్రం దొరకడం లేదా? ఇలాంటివి కనిపిస్తే రూపాయి కూడా కట్టకండి. ‘థింక్ చెక్ అటెండ్’ వెబ్‌సైట్లో ఇలాంటి ప్రశ్నల జాబితా ఉంది.

సభ నిజమైనదైతే, ఫీజు కట్టకముందే నిర్వాహకుల దగ్గర విద్యార్థులకు ఫీజు రాయితీ, ప్రయాణ సాయం ఉన్నాయేమో అడగాలి. వాటికి ఫారం వేరే, గడువు వేరే. చాలామంది ఫీజు కట్టేశాక వెతుక్కుంటారు, అప్పటికి గడువు దాటిపోతుంది. పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థలు సీఎస్‌ఐఆర్, డీబీటీ, ఒకప్పటి సెర్బ్ స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్‌ల ప్రయాణ గ్రాంట్ల ప్రకటనలు కూడా ఈ వారమే చూడాలి. గ్రాంటు వచ్చినా టిక్కెట్ ఎకానమీలోనే కొనాలి. ఫలానా ఏజెన్సీల దగ్గరే కొనాలన్న నిబంధన ఉందేమో ముందే చదవాలి. బోర్డింగ్ పాసులు, రసీదులు, హాజరు పత్రం పోతే బిల్లు ఆగిపోతుంది.

చిన్నవే గానీ దెబ్బతీసే విషయాలు రెండున్నాయి. గడువు పక్కన ‘ఏఓఈ’ (ఎనీవేర్ ఆన్ ఎర్త్, అంటే భూమ్మీద ఎక్కడైనా ఆ తేదీ ముగిసేదాకా) అని ఉంటే, ఆ రోజు రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు సాయంత్రం 5:29. కార్డులో విదేశీ చెల్లింపులు మొదట్లో ఆపేసే ఉంటాయి, బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. ఆఖరి రోజు దాకా ఆగితే చెల్లింపు ఫెయిలై, ముందుగా కట్టేవారికుండే తక్కువ ఫీజు అవకాశం పోతుంది.

ఇక వీసా. యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంజెన్ దేశాల్లో ఒకటైతే ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. నిర్ణయానికి 15 రోజులు పడుతుంది, కొన్నిసార్లు 45 దాకా సాగుతుంది. పెద్దలకు ఫీజు 90 యూరోలు, వీసా రాకపోయినా తిరిగివ్వరు. కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా ఉండాలి. పాస్‌పోర్టు గడువు తిరుగు ప్రయాణం తర్వాత మరో మూడు నెలలుండాలి. కావలికి చెన్నై దగ్గర కదా అని అక్కడే స్లాట్ తీసుకోకండి. ఆంధ్రా వాళ్ల దరఖాస్తులను ఆ దేశం ఏ కేంద్రంలో తీసుకుంటుందో ముందు చూసుకోండి.

మన పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది పేరుది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పేపర్ మీద ఇంకోలా ఉంటుంది. ఆహ్వాన పత్రం, టిక్కెట్, బీమా మూడూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. తేడా ఉంటే ఆహ్వాన పత్రాన్ని ఇప్పుడే మార్పించమనండి.

ఖర్చు మీరు భరిస్తున్నట్టు లేఖ ఇవ్వాలి, మీ కనీసం మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయాలి. దరఖాస్తుకు ముందురోజు లక్ష రూపాయలు ఖాతాలో వేస్తే ఎక్కడివని అనుమానిస్తారు. అప్పు వద్దనడానికి ఇదీ ఒక కారణం. యూనివర్సిటీ నుంచి సెలవు మంజూరుతో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫెలోషిప్ వస్తుంటే దాని కాగితం కూడా పెట్టాలి. తిరిగొచ్చి చదువు కొనసాగిస్తుందని నమ్మించేవి అవే. వీసా రాకముందు డబ్బు వాపసు రాని టిక్కెట్ కొనవద్దు.

సభకు ఆరు వారాల ముందుకల్లా గ్రాంటు సంగతి తేలకపోతే, ఆన్‌లైన్‌లో చెప్పనిస్తారా, తన బదులు సహరచయిత చదవవచ్చా అని అమ్మాయి చేత నిర్వాహకులకు మెయిల్ రాయించండి. పేపర్ వెనక్కి తీసుకుంటే ఫీజులో ఎంత తిరిగిస్తారో కూడా అందులోనే అడగమనండి. ఆన్‌లైనూ, సహరచయితా రెండూ కుదరకపోతే అదే పనిని ఇండియన్ ఫిషరీస్ అండ్ ఆక్వాకల్చర్ ఫోరంకో, చెన్నైలోని ఉప్పునీటి రొయ్యలు, చేపల పెంపకం పరిశోధన సంస్థ సీబా పెట్టే సమావేశాలకో పంపవచ్చు. రొయ్యల వ్యాధుల మీద పనిచేసేవాళ్లు అక్కడా వస్తారు, రైలు ఖర్చుతో అయిపోతుంది.