పాఠకుల ప్రశ్నలు: నీల్ దీవికి పోటూపాటూ చూసుకుని వెళ్లండి

ప్రశ్న: సంక్రాంతి తర్వాత అమ్మానాన్నలతో అండమాన్‌లోని నీల్ దీవికి వెళ్లి, బీచ్ పక్క రిసార్ట్‌లో రెండు రాత్రులు ఉందామనుకుంటున్నాం. విశాఖ నుంచి ఓడ ఉందంటున్నారు. అందులో వెళ్లొచ్చా? (ఎంవీపీ కాలనీ పాఠకురాలు)

జవాబు: ఓడ ఉంది గానీ మీకు పనికిరాదు. అది సుమారు నెలకోసారి బయల్దేరుతుంది, తేదీలు మారుతుంటాయి. పోర్ట్ బ్లెయిర్ (2024లో దాని పేరు శ్రీ విజయపురంగా మారింది) చేరడానికి దాదాపు 56 గంటలు. రానూపోనూ అయిదు రోజులు నీళ్ల మీదే అయిపోతాయి. చెన్నై, హైదరాబాద్ లేదా కోల్‌కతా మీదుగా విమానంలో వెళ్లండి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి నీల్‌కు ప్రైవేటు ఫెర్రీ గంట, గంటన్నర. ప్రభుత్వ ఫెర్రీ రెండు గంటలు. 2018లో దీవి పేరు షహీద్ ద్వీప్‌గా మారింది, బుకింగ్‌లో ఆ పేరు చూసి కంగారుపడకండి. ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డూ దగ్గర ఉండాలి. వాంతుల మాత్ర అరగంట ముందే వేయాలి. ఫెర్రీ ఊగడం మొదలయ్యాక వేస్తే మాత్ర కూడా బయటికే వస్తుంది. గాలి ముదిరితే ఫెర్రీలు ఆపేస్తారు. అందుకే తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. డబ్బు చేతిలో ఉంచుకోండి, దీవిలో సిగ్నల్‌నీ ఏటీఎంనీ నమ్ముకోలేం.

ప్రశ్న: నీల్‌లోని సహజ రాతి వంతెన చూద్దామని వెళ్లినవాళ్లు దగ్గరికే పోలేకపోయామన్నారు. ఎందుకలా? (పెదగంట్యాడ పాఠకుడు)

జవాబు: పోటు మీద, అంటే సముద్రం పొంగిన వేళ వెళ్లుంటారు. లక్ష్మణ్‌పూర్ రెండో నంబరు బీచ్‌లో ఉన్న ఆ వంతెనకు దారి పాటులో, అంటే నీళ్లు తీసినప్పుడు బయటపడే రాళ్ల మీదుగానే. మన జాలరిపేటలో ఎవరినడిగినా చెబుతారు: రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు, ఒకదానికీ ఇంకోదానికీ ఆరు గంటల పైచిలుకు. ఆ వేళ రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి నిన్న వెళ్లినవాళ్లు చెప్పిన టైము మీకు పనిచేయదు. రిసార్ట్‌లో ఆ రోజు పాటు వేళ అడగండి. దానికి గంటన్నర ముందు చేరి, నీళ్లు తిరగబడ్డాక గంటలోపు వచ్చేయండి. అమావాస్య, పున్నమి రోజుల్లో పాటులో నీళ్లు బాగా వెనక్కి పోతాయి. అష్టమి ప్రాంతంలో అంతగా తీయవు. టికెట్ కొనేముందు పంచాంగం ఒకసారి తిరగేయడం మంచిది.

రబ్బరు స్లిప్పర్లు వద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. నాచు జారుతుంది, చచ్చిన పగడం బ్లేడులా కోస్తుంది. తెగితే మంచినీళ్లతో బాగా కడిగి, లోపలి రేణువులు తీసి మందు రాయాలి. లేకపోతే చీము పడుతుంది.

ఈతకు లెక్క తలకిందులు. జెట్టీ పక్క భరత్‌పూర్ బీచ్‌లో పోటు మీద దిగండి. పాటులో నీళ్లు మోకాలి లోతుకు తగ్గి, అడుగున పగడాలు గీరుకుంటాయి.

ఇంకోటి: విశాఖ కంటే నీల్ దాదాపు పది డిగ్రీలు తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. జనవరిలో సాయంత్రం అయిదుంపావుకే పొద్దు గుంకుతుంది. భోంచేసి కునుకు తీస్తే రోజు అయిపోయినట్టే.

ప్రశ్న: దగ్గర్లో ఆదివాసీ గూడెం చూడొచ్చా? (గాజువాక పాఠకుడు)

జవాబు: నీల్‌లో లేదు. అండమాన్‌లో ఆదిమ తెగల ప్రాంతాల్లోకి వెళ్లడం, వాళ్లను ఫొటో తీయడం 1956 నాటి రక్షణ చట్టం కింద నేరం. ఎవరైనా చూపిస్తామన్నా వెళ్లకండి. నీల్‌లో ఉన్నవి, దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల పల్లెలు: వరి మళ్లు, కూరపాదులు, కొబ్బరి, వక్క. పొద్దున్నే అద్దె సైకిల్ మీద సీతాపూర్ వైపు వెళ్లండి, జెట్టీ నుంచి అయిదు కిలోమీటర్లు. పెరళ్లలోకి చొరబడకండి, ఫొటోకు ముందు అడగండి. మా లెక్కలో ఈ దారి రాతి వంతెన కంటే బాగుంటుంది.

ప్రశ్న: పిల్లలు గవ్వలు ఏరుకుని తెచ్చుకోవచ్చా? (సీతమ్మధార పాఠకురాలు)

జవాబు: వద్దు. గవ్వయినా, చచ్చిన పగడం ముక్కయినా విమానాశ్రయం తనిఖీలో తీసేస్తారు. దుకాణంలో కొంటే రసీదు దాచండి.